బుల్లిబాబు మత్తుమందు కేసు

జగ్గయ్యపేట బస్టాండు ఎదుటి మేడ మీద డిటెక్టివ్ సొలొమోను ఆఫీసు. మెట్లెక్కి వచ్చిన మనిషికి చెమటతో చొక్కా తడిసిపోయింది.

"కృపారావునండి. నందిగామ నర్సింగ్ హోములో కాంపౌండర్ని. మత్తు ఇచ్చేది నేనే. ఎనిమిది వారాల పిల్లోడికి మొన్న హెర్నియా ఆపరేషన్ చేశారండి. పిల్లోడు పోయాడు. వాళ్ళ నాన్న శ్రీమన్నారాయణగారు నామీద పోలీసు కంప్లైంటిచ్చారు."

"ఈథరు మత్తు ఎక్కువైందా?"

"చుక్కలు లెక్కపెట్టి వేసానండి. పిల్లోడు లేచి ఏడ్చాడు, పాలు కూడా తాగాడు. రెండు గంటల తర్వాత తల్లి ఒళ్ళోనే ఊపిరాగింది. అయినా వేసింది నా చెయ్యే కదండీ."

సహాయకుడు బ్రహ్మయ్య రాస్తూ రాస్తూ తలెత్తాడు. తప్పు చెయ్యని మనిషి ఇంతగా కుమిలిపోవడం అతనెప్పుడూ చూడలేదు.

నందిగామలో ఆపరేషన్ చేసిన డాక్టర్ బాలామణి కేస్‌షీటు చూపించింది. పుట్టింది ఫిబ్రవరి రెండు, చెవిటికల్లులో నాన్నగారింట్లోనే. కింద 'నెలలు నిండిన కాన్పు' అని రాసి ఉంది.

అక్కణ్ణించి చెవిటికల్లు వెళ్ళారు. శ్రీమన్నారాయణ ఇంటి గోడకు అతని భార్య ప్రమీలారాణి సీమంతం ఫొటో ఉంది. చేతుల నిండా గాజులు, జడ నిండా పూలు. అడుగున స్టూడియోవాళ్ళు వేసిన తేదీ 5-1-83.

"ఏడో నెల సీమంతమా అమ్మా?" అన్నాడు సొలొమోను.

"మా ఇళ్ళల్లో ఎప్పుడూ ఏడో నెల్లోనేనండి," అంది అత్తగారు సీతారావమ్మ.

"తొలికాన్పు పుట్టింట్లో కదా జరగాలి?"

"ముహూర్తం కుదర్లేదు," అని ఆవిడ గబగబా లోపలికి వెళ్ళిపోయింది. ప్రమీలారాణి తల వంచుకునే ఉంది.

మర్నాడు సొలొమోను అందర్నీ నర్సింగ్ హోములో కూర్చోబెట్టాడు.

"మత్తు ఎక్కువైతే పిల్లాడు లేచి పాలు తాగేవాడు కాదు. కృపారావు తప్పులేదు. జనవరి అయిదున ఏడో నెల అయితే, ఫిబ్రవరి రెండుకి ఎన్నో నెల? పుట్టింటికి పంపేలోపే నొప్పులొచ్చాయి. ఔనా? డాక్టరుగారూ, మీరు చెప్పండి."

బాలామణి కేస్‌షీటు మూసేసింది. "పసివాళ్ళకి మత్తు పెద్దవాళ్ళకి పనిచేసినట్టు పనిచెయ్యదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకైతే ఊపిరి తియ్యమని చెప్పే మెదడే ఇంకా ఎదిగి ఉండదు. లేచాక కూడా, గంటల తర్వాత ఊపిరి మరిచిపోతారు. తెలిస్తే ఆపరేషన్ కొన్నాళ్ళు ఆపేదాన్ని. లేదా రాత్రంతా పక్కనే మనిషిని పెట్టేదాన్ని. బరువు తక్కువుందని చూశాను, ఒక్కసారే అడిగి ఊరుకున్నాను. అది నా తప్పే."

ఎనిమిదో నెల పిల్లలు నిలవరని ఆ వైపు ఒక పాడు నమ్మకం. ఆ ఇంట్లో అందరికీ నెల తెలుసు. ఎవరూ పైకి అనలేదు. శ్రీమన్నారాయణ కృపారావు మొహం చూడలేకపోయాడు.

"కంప్లైంటు ఇవాళే వాపసు తీసుకుంటానండి," అన్నాడు.

సీతారావమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "బతకడనే మాట ఎవరి నోటా రాకూడదని దాచా నాయనా. నా బుల్లిబాబుకి ఆయుష్షు తగ్గుద్దని భయపడ్డా."

అప్పుడు మొదటిసారి ప్రమీలారాణి నోరు విప్పింది.

"డాక్టరుగారు అడిగింది అత్తయ్యని కాదండి, నన్ను. నెలలు నిండాయామ్మా అన్నారు. వాణ్ణి ఒళ్ళో పెట్టుకునే, నిండాయని తలూపా."