బిట్‌రేట్ తగ్గించినవాడు

ఆ పొద్దున ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా బరువుగా వేలాడుతోంది. చుక్క మాత్రం రాలడం లేదు. వరసగా ఫంక్షన్లు చేసి చేసి అలసిపోయి ఉన్న ఆమెకు ఆ మబ్బును చూస్తేనే ఆవలింత వచ్చింది.

కెమెరాలు పంపే బొమ్మల్లో ఏది లైవ్‌లోకి వెళ్లాలో మీట నొక్కి తేల్చడం ఆమె పని. పెద్ద కెమెరా పట్టేవాణ్ని అందరూ ‘స్టాండు’ అంటారు. నిలబెడితే కదలడు, పిలిస్తే పలకడు.

ఆ రోజు డాన్సు స్కూలు వార్షికోత్సవం. తెర దిగగానే వీడియో యూనిట్ ఓనరు వచ్చాడు.

“ఏమ్మా, లైవ్ మసగ్గా వచ్చిందట. టీచరమ్మ నన్ను కడిగేసింది!”

ఆమె సెట్టింగులు తెరిచి చూసింది. లైవ్ బొమ్మ ఎంత స్పష్టంగా వెళ్లాలో తేల్చే బిట్‌రేట్, తను పెట్టినదాంట్లో సగానికి దిగిపోయి ఉంది. ఒళ్లు మండింది.

“దీని మీద చెయ్యేసిందెవరు?”

“నేనే,” అన్నాడు స్టాండు, కేబుల్ చుడుతూ.

“నోరు లేదు గానీ చేతులు బాగానే ఉన్నాయే! రికార్డింగ్ కూడా తగలేశావా?”

“దాన్ని ముట్టుకోలేదు. అది వేరే సెట్టింగు. కెమెరా కార్డులో పూర్తి క్వాలిటీతో ఉంది.”

“ఎందుకు తగ్గించావ్?”

అతను ఇంకో కేబుల్ అందుకున్నాడు.

“సార్, ఇతనితో ఇక నా వల్ల కాదు. ఇతనో నేనో తేల్చండి.”

“ఆవిణ్ని ఉంచండి సార్. నేనే వేరే టీముకి పోతా.”

ఓనరు ఇద్దర్నీ చూసి నిట్టూర్చాడు. “సాయంత్రం చెబుతా,” అని వెళ్లిపోయాడు.

ఆమె కెమెరా పెట్టె మీద కూలబడింది. ఫోన్ మోగింది. అమ్మ.

“చూశానే! చెల్లి ఆడిందంతా చూశా. ఒక్కసారైనా ఆగలేదు. పోయినసారి ఆ గుండ్రం తిరుగుతుంటే దాన్నే చూస్తూ నిద్రపోయాను కదా! కొత్త మిషను తెచ్చారా?”

ఆమె తల తిప్పి స్టాండు వైపు చూసింది. అమ్మ కాలు విరిగి మంచం దిగడం లేదు. ఇంట్లో సిగ్నల్ అంతంత మాత్రం; బిట్‌రేట్ తగ్గిస్తేనే అక్కడ లైవ్ ఆగకుండా నడుస్తుంది. చెల్లి డాన్సు అమ్మకు కనిపిస్తుందో లేదోనని పొద్దున వ్యాన్‌లో తనలో తనే గొణుక్కుంది. పక్క సీట్లో స్టాండు కళ్లు మూసుకుని ఉన్నాడు.

లేచి అతని దగ్గరికి వెళ్లింది.

“వ్యాన్‌లో నిద్రపోలేదా నువ్వు?”

“పోతూనే విన్నా.”

“నాకు చెప్పొచ్చుగా?”

“చెప్తే మీరు ఒప్పుకోరు. ఇంటి కోసం పని పాడుచేస్తానా అంటారు.”

“అంటాను! తప్పే కదా?”

“తప్పే. అందుకే తిట్లు తిన్నా.”

“మా అమ్మ చూస్తే ఎంత, చూడకపోతే ఎంత నీకు? మా ఇంటి మనిషివా ఏమన్నా?”

అతని చేతిలో కేబుల్ చుట్ట ఆగిపోయింది.

“కావాలనే ఉంది. అడిగే ఓపికే మిగలడం లేదు, రోజూ.”

ఆమెకు నవ్వొచ్చింది, కానీ నవ్వే ఓపిక ఆమెకూ లేదు. ఓనరుకి ఫోన్ చేసింది.

“సార్, ఇందాకటి మాట వదిలెయ్యండి. స్టాండు నాతోనే ఉంటాడు. టీచరమ్మకి రికార్డింగ్ ఇవాళే ఇచ్చేద్దాం, నేను మాట్లాడతా.”

ఫోన్ పెట్టేసి అతని వైపు తిరిగింది. “ఇకమీద ఏం ముట్టుకున్నా చెప్పి ముట్టుకో.”

“ఊఁ.”

“అమ్మని మాత్రం నువ్వే అడగాలి. ఊఁ అంటే కుదరదక్కడ.”

అతని చెవులు ఎర్రబడ్డాయి.

భోజనం పొట్లాలు ఎప్పుడో చల్లారిపోయాయి. ఖాళీ హాల్లో కెమెరా పెట్టె మూత మీద రెండూ విప్పి, చెరో పక్క కూర్చున్నారు. అతను నీళ్ల సీసా మూత తీసి ఆమె వైపు జరిపాడు. ఇద్దరూ తలవంచుకుని తిన్నారు.