మూల చోటులో "లేదు" అనే గొంతు

"నీళ్ల అవతల దీపం ఎవరిదమ్మా...
పడవవాడిదా, పడమటిగాలిదా..."

ఆ తర్వాత ఇంకో చరణం ఉండేది. బ్లూబెర్రీలు ఏరుకుని మసక చీకట్లో ఇళ్లకి తిరిగొచ్చేటప్పుడు పిల్లలందరం భయం తెలియకుండా గొంతెత్తి పాడేవాళ్లం. రాసిపెట్టుకునే చదువు అప్పట్లో లేదు, సగం పాట ఎటో పోయింది. వేసవిలో ట్రైలర్ బండ్లు ఆపుకుని ఉండే మా సరస్సు పక్క విడిదిలో, చివరనున్న మూల చోటు మాట ఎవరెత్తినా, ఆ మిగిలిన సగమే నా నోట్లోకి వస్తుంది.

మూల చోటుకి మంచి పేరు లేదు. ఎప్పుడో గున్నార్ అనే ఒంటరి ముసలాయన అక్కడ ట్రైలర్ ఆపుకుని, టీవీ డిష్ తిప్పుతూ తిప్పుతూ ప్రాణం వదిలాడట. తెల్లారి చూస్తే, డిష్‌ని పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉందట. అప్పట్నుంచీ అక్కడ ఎవరు డిష్ నిలబెట్టినా స్ప్రూస్ చెట్లలోంచి ఒక గొంతు "లేదు" అంటుందని చెప్పుకుంటారు. ఎంత తిప్పినా అంతే... లేదు... లేదు... బొమ్మ మాత్రం ఎవరికీ రాదు.

ఏటా మా విడిదికొచ్చే ఐలీ ఇలాంటివి నవ్వి కొట్టిపారేసే మనిషి. ఆ వేసవిలో ఆమెకి ఆ చోటే దొరికింది. సెలవులు కదా, మిగతావన్నీ నిండిపోయాయి. కాపలా ఉండే క్లైడ్ ఆ చోటు చూపిస్తూ, బొమ్మ రాకపోతే నన్ను తిట్టకు పిన్నీ, గున్నార్‌ని తిట్టుకో అన్నాడు. నీకంటే ఆయనే నయం, అద్దె అడగడు అంది ఐలీ.

అంది కానీ ఆ నవ్వు పైపైదే. బండిలో ఆమె మొగుడు ఆర్వో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చలికాలంలో పక్షవాతం వచ్చి, కుడిచెయ్యీ మాటా రెండూ పోయాయి. చెయ్యి రావచ్చు, మాట మీద ఆశ పెట్టుకోవద్దు అన్నారు డాక్టర్లు. ఏటా వచ్చే సరస్సు చూస్తే కాస్త మనసు తేరుకుంటాడేమోనని, వద్దన్న వాళ్లందరినీ కాదని తీసుకొచ్చింది.

మూడోనాడు మధ్యాహ్నం క్లైడ్, విడిది ఆఫీసు ఫోనుకొచ్చిన కబురు మోసుకొచ్చాడు. ఐలీ వాళ్ల మనవరాలు హెల్మీ కాలేజీ సాఫ్ట్‌బాల్ జట్టులో ఉంది. ఏడాదంతా బెంచీ మీదే. జట్టులో బంతి విసిరే అమ్మాయికి భుజం పట్టేసిందట, ఇవాళ హెల్మీయే విసురుతుంది. ఆట పడమటి రాష్ట్రంలో, మనకి చీకటి పడ్డాక టీవీలో వస్తుంది. తాతయ్య చూస్తున్నాడనుకునే విసురుతానని చెప్పమందట.

ఆ పిల్లకి బంతి పట్టుకోవడం నేర్పింది ఆర్వోయే. కొట్టం వెనక తొట్టి బోర్లించుకుని దాని మీద కూర్చుని, చేతి తొడుగేసుకుని, ఎన్ని వేసవులు ఆమె విసిరిన బంతులు పట్టాడో.

కబురు వినగానే ఆయన ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద కదిలింది. బాగానే ఉన్న ఆ చెయ్యి కూడా ఎన్నాళ్ల తర్వాతో... అలా కదలడం. ఐలీకి అది చాలు. ఆ రాత్రి ఆయన ఆట చూడాలి. చూడకపోతే, ఇక ఈయన దేనికీ కదలడని ఆమె మనసుకి గట్టిగా అనిపించింది.

పొద్దు వాలుతుండగా మూడుకాళ్ల డిష్ బయట నిలబెట్టింది. దక్షిణాన అంతా స్ప్రూస్ చెట్లే, గోడ కట్టినట్టు. మధ్యలో చీరచెరగంత ఆకాశం సందు. అందులోంచే ఎక్కడో ఉన్న ఉపగ్రహాన్ని పట్టాలి.

వాళ్లిద్దరికీ దీనికొక పద్ధతి ఉంది. ఐలీ బయట తిప్పుతుంది, ఆర్వో లోపల టీవీ ముందు కూర్చుంటాడు. బొటనవేలి వెడల్పు జరిపి ఆగాలి. లోపల టీవీకి తగిలించిన పెట్టె సిగ్నల్ వెతుక్కోవడానికి కాస్త టైం పడుతుంది కదా. అప్పుడాయన ట్రైలర్ అదిరేలా "లేదు" అనేవాడు. మళ్లీ జరపడం, మళ్లీ ఆగడం. దొరకగానే "ఉంది". పెళ్లయ్యాక వాళ్లు పోట్లాడుకోకుండా చేసిన పని అదొక్కటే అని ఐలీ అంటూండేది.

ఇప్పుడు లోపల్నుంచి చెప్పేవాళ్లు లేరు. తిప్పడం, మెట్లెక్కి లోపలికి వెళ్లి చూడడం, మళ్లీ దిగడం. తెర మీద ఏమీ లేదు. మళ్లీ... ఏమీ లేదు. మోకాళ్లు పట్టేశాయి. దోమలు ముసురుతుంటే కిటికీలన్నీ మూసేసింది. సరస్సు మీద లూన్ పక్షి ఒకటి, పిల్ల తప్పిపోయిన తల్లిలా కూసింది.

చీకటి పడింది. ఆట మొదలయ్యే వేళయింది.

ఆమెకి తొందర పుట్టింది. ఆగడం మానేసింది. డిష్‌ని ఇటు లాగింది, అటు లాగింది, పైకి, కిందికి...

అప్పుడు వినిపించింది.

"...లేదు..."

ఎండుటాకు నేల మీద ఈడ్చుకుపోయినట్టుంది ఆ గొంతు. స్ప్రూస్ చెట్లవైపు నుంచి.

ఐలీ చెయ్యి డిష్ మీదే బిగుసుకుపోయింది. గున్నార్ చెయ్యి గుర్తొచ్చింది. చటుక్కున వెనక్కి లాక్కుంది. గాలి లేదు. ఒక్క కొమ్మా కదలడం లేదు.

పరుగెత్తి తలుపేసుకుందామనుకుంది. కానీ లోపల ఆ ఖాళీ తెర ముందు ఆర్వో... తెల్లారేదాకా అలా చూస్తూనే ఉంటాడు. బొటనవేలి వెడల్పు జరిపింది. ఆగింది.

"...లేదు..."

ఈసారి దగ్గరగా. చెవి వెనక వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. "సరేనయ్యా," అంది గుసగుసగా, "నువ్వెవరివైనా సరే... తిన్నగా చెప్పు." ఇంకో వేలు జరిపింది. ఆగింది. ఊపిరి బిగబట్టి ఆగింది.

ఏమీ వినపడలేదు.

ఇంకో వేలు... ఆగింది... లూన్ కూడా నోరు మూసుకుంది...

"ఉంది."

ఆ మాట విన్నాక ఆమె ఎలా మెట్లెక్కిందో ఆమెకే తెలీదు. తలుపు తోసింది. తెర మీద వెలుగు! పచ్చగడ్డి, ఎర్రమట్టి, మధ్యలో జడ సర్దుకుంటూ హెల్మీ. ఆర్వో కూర్చోబెట్టిన చోటే కూర్చుని ఉన్నాడు. పక్కనున్న కిటికీ ఆమె మూసినట్టే మూసుంది. గొళ్లెం వేసే ఉంది.

హెల్మీ చెయ్యి తిప్పి విసిరింది. అవతలి అమ్మాయి బ్యాట్ ఊపింది, తగల్లేదు. మళ్లీ విసిరింది. మళ్లీ తగల్లేదు. మూడోది కూడా తగలక ఆ అమ్మాయి తల దించుకుని వెళ్లిపోయింది. ఆర్వో ఎడమచేత్తో బల్ల మీద ఒక్క దెబ్బ వేశాడు. కాఫీ కప్పు పడిపోయింది. ఎవరూ తియ్యలేదు.

ఆట సగంలో ఐలీ ఆయన చెవి దగ్గరికి వంగింది.

"బయటికి వినపడేలా... నువ్వు చెప్పావా?"

ఆర్వో మెల్లగా తల తిప్పి ఆమె కళ్లలోకి చూశాడు. పెదవులు పెనుగులాడాయి. గొంతులో ఏదో రాయి పక్కకి జరుగుతున్నట్టు... జరిగి జరిగి...

"లేదు," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఐలీ యాలకుల రొట్టె తుండుగుడ్డలో చుట్టుకుని మా బండి దగ్గరికి వచ్చి ఇదంతా చెప్పింది. హెల్మీ జట్టు ఓడిపోయిందట, కానీ తప్పు హెల్మీది కాదట. అది ముందు చెప్పి, తర్వాత ఇది చెప్పింది. నేను ఆ మూసిన కిటికీ గురించి రెండుసార్లు అడిగాను. మూసే ఉంది అంది. మరి ఎవరంటావు అన్నాను.

ఆమె మెట్టు మీంచి లేచి, తమ బండివైపు ఒకసారి చూసి అంది —

"గున్నార్ చెప్పాడో, నా మొగుడు నా మొహం మీదే అబద్ధమాడాడో, నాకక్కర్లేదు అక్కా. అబద్ధమాడటానికైనా నోరు తెరిచాడు."