ఒక్క పోగు

"పీలికలా? గుడ్డలు కుట్టించుకునేకి వస్తారు గానీ, పీలికలు అడుక్కునే మొగోన్ని ఇప్పుడే చూస్తాండా!"

నంద్యాల టైలరింగ్ షాపులో మిషను తొక్కుతూ కృపావతి అన్న మొదటి మాట అది. జయరాజు చెవులు ఎర్రబడ్డాయి.

"నాక్కాదు మే. విమానానికి."

"విమానానికి లంగా కుట్టాల్నా?"

పక్క మిషన్ల ఆడపిల్లలు పకపకా నవ్వారు. జయరాజుకు పౌరుషం పొడుచుకొచ్చి అంతా చెప్పేశాడు. పత్తి చేలకు మందు కొట్టడానికి ఓ కంపెనీ ఒక్క మనిషి పట్టే బుల్లి విమానం తెచ్చింది. దానికి తనే మెకానిక్కు. రెక్కల్ని పట్టి ఉంచే, సన్నటి పోగులు పేనిన ఉక్కు తీగల్ని మెత్తని గుడ్డతో నిమురుతూ పోవాలి. ఎక్కడైనా పోగు తెగి ఉంటే గుడ్డ తగులుకుంటుంది.

కృపావతి నవ్వు ఆపి, మంచి వాయిల్ పీలికలు ఏరి ఇచ్చింది. ఆ తర్వాత మూడు నెలల్లో ఆ విమానాన్ని తుడవడానికి ఎన్ని పీలికలు కావాలో అంతకు పదింతలు పట్టుకుపోయాడు పెద్దమనిషి. చివరికి వ్యవహారం పెళ్లి మాటదాకా వచ్చింది.

"పర్మినెంటు ఉద్యోగమైతే రాప్పా," అన్నాడు ఆమె నాయన, రైసు మిల్లు గుమాస్తా. "ల్యాకుంటే రుద్రవరం బడిపంతులు సంబంధం ఉండనే ఉంది."

ఆ ఉద్యోగం తేలే రోజు రానే వచ్చింది. 1986 నవంబరు. ఆళ్లగడ్డ దారిలో చదును చేసిన బీడు చుట్టూ కట్టిన తాడు అవతల రైతులు మూగారు. ఈరోజు విమానం ఎగిరితే కంపెనీ ఆఫీసు ఇక్కడే, జయరాజు ఉద్యోగం ఖాయం. ఎగరకపోతే సాయంత్రానికల్లా మూటాముల్లె సర్దుకోవడమే. కృపావతి, వాళ్ల నాయనా కూడా వచ్చారు.

జయరాజు బోల్టులు ఒక్కొక్కటే తడిమాడు. పెట్రోలు గాజు సీసాలో పట్టి నీళ్లున్నాయేమో చూశాడు.

"ఏందప్పా, ప్రదక్షిణాలు చేస్తాండావ్?" తాడు అవతలనుంచి కృపావతి ఆటపట్టించింది.

అతను నవ్వుతూనే ఎడమ రెక్క తీగను నిమిరాడు. చివర్లో గుడ్డ తగులుకుంది. మళ్లీ నిమిరాడు. మళ్లీ తగులుకుంది.

"అన్ని పోగుల్లో ఒక్కటే కదయ్యా!" మేనేజరు పళ్లు కొరికాడు. "పైలట్ పది నిమిషాలు ఎగిరి దిగిపోతాడు. సంతకం పెట్టు."

కొత్త తీగ బెంగళూరు నుంచి రావాలి. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులు ఎవరిస్తారు?

కృపావతి తాడు దాటి వచ్చింది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పెట్టు. నీ కాళ్లు మొక్కుతా."

"కుట్టేదానివి, నీకు తెల్దా? ఒకటి తెగితే బరువంతా మిగతావాటి మీద పడ్తాది."

"తెలుసు. తెలిసే అడుగుతాండా."

అవతల పైలట్ హెల్మెట్ తుడుచుకుంటూ, "ఓకేనా రాజూ?" అని కేకేశాడు. వాడికి జయరాజు మీద ఎంత నమ్మకమంటే, ఆ తీగ వైపైనా చూడలేదు.

జయరాజు తనిఖీ పుస్తకంలో 'ఎగరరాదు' అని రాసి సంతకం పెట్టాడు.

మేనేజరు నానా తిట్లూ తిట్టాడు. రైతులు వెళ్లిపోయారు. రెక్కలు ఊడదీసి లారీకి ఎక్కించారు. "పంతులుకు మాటిస్తా," అని చెప్పి గుమాస్తా బస్సు ఆపడానికి రోడ్డు మీదికి నడిచాడు. ఇలాంటప్పుడు కథల్లో వాన పడుతుంది, కన్నీళ్లు కనబడవు. ఆరోజు ఆకాశం పాడుగాను, మబ్బు తునకైనా లేదు. కృపావతి ఏడుపు అందరికీ కనబడింది.

"తిట్టు కృపా."

"నోరు రాల్యా. నీమీద కోపమన్నా వచ్చింటే బాగుండు. ఆ పంతుల్ని చేసుకోని నిన్ను మర్చిపోయేదాన్ని. ఇప్పుడెట్ల మర్చిపోయేది?"

బస్సు ఆగింది. నాయన పిలిచాడు, ఆమె వెళ్లిపోయింది.