ఏడో రీలు డబ్బా

చిలకలగూడలో తాళం పడ్డ ఆ సినిమా హాలు వెనక ఇనప మెట్లుండేవి చూడండి, చీకటి పడితే వాటి పక్కగా ఎవరూ పోయేవారు కాదు. రిక్షావాళ్లు సైతం అరమైలు చుట్టు తిరిగి, ఆ చుట్టుకి కూడా మనదగ్గరే వసూలు చేసేవాళ్లు.

ఆగస్టు వానల్లో, ఏటా ఒకే ఒక్క రాత్రి, అక్కడికి ఒక మోటార్‌సైకిల్ వస్తుందట. మనిషి కనపడడు. ఇంజను ఆగదు. డుగ్ డుగ్ డుగ్... అలా కొట్టుకుంటూనే ఉంటుంది. తర్వాత మెట్ల మీద అడుగులు. పైన సినిమా మిషనుండే కేబిన్ తలుపు మీద మూడు దెబ్బలు.

అంతే... మళ్లీ ఏడాది దాకా ఏమీ లేదు.

నేను ప్రభువుని నమ్ముకున్నవాణ్ణి, నాకు దయ్యాల భయమేమిటి అంటాను ఎప్పుడూ. నవ్వకండి. మా తోడల్లుడు పేతురు ఈ సంగతి చెప్పిన శనివారం రాత్రి, మధ్యలో లేచి వెళ్లి వరండా లైటు వేసొచ్చి కూర్చున్నాను. మర్నాడు చర్చిలో అందరి ముందూ చెప్పాల్సిన మాట అది. ముందు నా దగ్గర చెప్పి చూసుకున్నాడు.

దగ్గరికి జరగండి. చెబుతాను.

డెబ్భై తొమ్మిదిలో పేతురు ఆ హాల్లో ఆపరేటరు. మోటార్‌సైకిల్ రేసుల ఇంగ్లీషు సినిమా ఒకటి వచ్చింది. తోలు జాకెట్లు, దుమ్ము, మలుపుల్లో మోకాలు నేలకి రాసుకుపోవడం... కుర్రకారుకి పిచ్చెక్కిపోయింది. ఉన్నది ఒకటే ప్రింటు, ఆడేది రెండు హాళ్లలో. రాంగోపాల్‌పేట్‌లో ఆట అరగంట ముందు మొదలయ్యేది. అక్కడ రీలు అయిపోగానే డబ్బాలో పెట్టి బండి మీద ఇక్కడికి తేవాలి. ఇక్కడ ఆడేసిన రీలు అక్కడికి తిప్పి పంపాలి.

తెచ్చేవాడు రిచర్డ్. మారేడ్‌పల్లి సలోమమ్మకి ఒక్కగానొక్క కొడుకు. చర్చిలో పేతురు పక్కనే కూర్చునేవాడు. తిరుగు డబ్బా అందుకుని వెంటనే పోవాలి కదా, అందుకని కింద ఇంజను ఆపేవాడు కాదు. రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కి, తలుపు మీద మూడు దెబ్బలు కొట్టి, "లేటయిందా అన్నా?" అనేవాడు.

తెర మీది రేసుకంటే ఈ రేసే బాగుందన్నారు జనం. "రిచర్డ్ ముందొస్తడా, తెర ముందు తెల్లగైతదా?" అని చాయ్ పందాలు. బండి మలుపు తిరిగితే చాలు, వరండా నిండా ఈలలే.

ఆగస్టులో ఒక వాన రాత్రి ఆ బండి రైలు బ్రిడ్జి కింద జారింది. పిల్లాడు లేవలేదు.

సినిమా చూసి పిచ్చెక్కి, తెర మీది వేషాలు రోడ్డు మీద వేశాడంది ఊరంతా. సమాధి దగ్గర ప్రసంగంలోనూ అదే మాట. సలోమమ్మ తల వంచుకుని విన్నది. పెట్టె మోసిన నలుగురిలో పేతురు ఒకడు. రిచర్డ్ పేరు మీద పడ్డ ఆ మచ్చని తుడిచే మాట ఒకటి పేతురుకి తెలుసు.

చెప్పలేదు. పదకొండేళ్లు చెప్పలేదు.

ఈలోగా హాలు మూతపడి కొన్నేళ్లయింది. కూలగొట్టే రోజు దగ్గరపడ్డాక మేనేజరు మధుసూదన్ కబురు పెట్టాడు. "రేపు మిషన్లు లారీ ఎక్కుతయ్. ఇయ్యాల లెన్సులు ఇప్పి పెట్టు జెర."

"రాత్రి పూటనా సార్?"

"ఏందీ, దయ్యమా? టికెట్ లేకుంటే దయ్యాన్ని సుత లోపలికి రానియ్యలే నేను. పో!"

వాన. కరెంటు పోయింది. పేతురు కొవ్వొత్తి వెలుగులో మరలు తిప్పుతున్నాడు. అది రిచర్డ్ పోయిన తారీకన్న సంగతే గుర్తులేదు...

డుగ్ డుగ్ డుగ్.

చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. బండి మెట్ల కిందికి వచ్చింది. ఇంజను ఆగలేదు.

"తండ్రీ..." అన్నాడు.

మెట్ల మీద అడుగులు. కానీ రెండేసి మెట్లు కాదు. ఒక్కో మెట్టు... ఆగి... ఇంకో మెట్టు.

టక్. టక్. టక్.

పారిపోదామంటే ఉన్నది ఆ ఒక్క తలుపే. తీశాడు.

తడిసిన తెల్లచీర. నెరిసిన జుట్టు మొహానికి అంటుకుపోయి ఉంది. రెండు చేతుల్లో తుప్పు పట్టిన రీలు డబ్బా.

"పేతురూ... నువ్వా బిడ్డా?"

సలోమమ్మ!

"హాలు బందైనకాడ్నించి ఏటా ఈ తారీకుకి వస్త," అంది గుసగుసగా. "నా కొడుకు ఎక్కాల్సిన మెట్లు నేనెక్కుత. తలుపు కొడ్త. ఎవ్వరు తియ్యలే."

డబ్బా మూత తీసి చూపించింది. పాత పేపర్లు. మధ్యలో సగం ఇటుక.

"వాని బట్టలతోటి పోలీసోళ్లు ఇచ్చిన్రు. గిందుల రీలేది? నా కొడుకు ఇటుక కోసం ఉరికిండా పేతురూ?"

పేతురు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు.

"రెండో ప్రింటు నాలుగు రోజుల ముందే వచ్చిందమ్మా. ఆ రాత్రి ఏడో రీలు నా మిషన్ మీద ఆడుతనే ఉంది. జనం వాని ఉరుకుడు చూడనీకే వస్తున్నరు, చెప్తే మెల్లగొస్తడు, చెప్పకు అన్నడు మేనేజరు. నేను చెప్పలే. అంతకు ముందు మూడు రోజులు, లోపల కనపడకుండ అర తలుపే తీసి డబ్బా అందుకున్న. లేటెందుకైందని తిట్టిన సుత..."

"మరి ఉత్త డబ్బా ఎందుకు?"

"వాడు పడితే... రీలు పాడైతదని."

కొవ్వొత్తి చిటపటలాడింది. ఆమె ఏడవలేదు. శపించలేదు. మూత పెట్టి, డబ్బా తెచ్చి పేతురు చేతుల్లో పెట్టింది.

"వాని పెట్టె మోసినవ్ గద. ఇది సుత నువ్వే మొయ్యి. ఆదివారం అందరి ముంగట చెప్పు, నా కొడుకు పిచ్చోడు కాడని."

"చెప్తనమ్మా." పేతురు డబ్బా పట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాడు. "ఇంత వానల వచ్చిన్రు... మిమ్మల్ని తెచ్చినాయన కింద తడుస్తుండు. పైకి రమ్మనుండ్రి."

సలోమమ్మ వింతగా చూసింది.

"తెచ్చుడేందీ బిడ్డా? స్టేషన్ కాడ బస్సు దిగి నడిచొచ్చిన."

పేతురు చేతుల్లో డబ్బా ఉంది — వెనక్కి పంపాల్సిన డబ్బా.

కింద, వానలో, ఇంజను ఇంకా ఆగలేదు.