ఏ నేల చోళ్ళు

పరదేశంలో, చోవా చూ కాంగ్‌లోని ఆ ఫ్లాట్‌లో ఉదయం చోడిజావ వాసనతో మొదలవుతుంది. మంగతాయారు సాలూరు నుంచి తెచ్చుకున్న చోడిపిండిని ఉండకట్టకుండా నీళ్ళలో కలిపి, సన్నని సెగ మీద ఉడికించి, బెల్లం వేసి, నాలుగేళ్ళ మనవరాలు నిఖిలకు దగ్గరుండి తాగిస్తుంది. ఆ పిల్లకు పాలు పడవు. అందుకే ఈ జావ.

కోడలు రజితది పాలమూరు. వాళ్ళమ్మ పంపిన తైదపిండి డబ్బా అరలో వెనక్కి జరిగిపోయింది. రెండూ రాగులే కదా అని కొడుకు ఆకాష్ ఒకసారి అన్నందుకు, కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మంగతాయారు భోజనం పూర్తయ్యేదాకా అతనికి పాఠం చెప్పింది. రకం మారితే, నేల మారితే గింజలో కాల్షియం పాళ్ళు మారతాయని. అన్నిటికీ ఒకే పేరు పెట్టి, పొట్లాల మీద ఒకే అంకె అచ్చువేసే వర్తకుల అజ్ఞానం క్షమించరానిదని. వియ్యపురాలితో ఫోనులో మాత్రం ఇంత శాస్త్రం చెప్పలేదు. మా చోళ్ళ ముందు మీ తైదలు దిగదుడుపేనని తేల్చేసింది.

ఆ శనివారం రజిత మందుల అర సర్దుతుంటే, నిఖిలకు డాక్టరు రాసిచ్చిన కాల్షియం సిరప్ కనిపించింది. ఎముకల్లో బలం చాలదని రెండు నెలల క్రితం ఇచ్చిన మందు అది. మూతకు వేసిన సీలు వేసినట్టే ఉంది. పగలంతా పిల్ల నానమ్మ దగ్గరే ఉంటుంది.

"ఇది ఎందుకు వెయ్యలేదత్తయ్యా?"

"పాలకు రెండింతలు కాల్షియం ఉన్న జావ తాగే పిల్లకు సీసా మందెందుకమ్మా?"

"ఏ తైదల్ల రెండింతలు?"

మంగతాయారు తాను చదివిన పరిశోధన వ్యాసం గురించి చెప్పసాగింది. అది కర్ణాటకలో పండే ఒక రకం మీద జరిగినదని తన నోటితోనే చెప్పి, హఠాత్తుగా ఆగిపోయింది.

రజిత గొంతు పెంచలేదు. "రకం మారితే లెక్క మారుతదని మీరే చెప్తిరి. మీ సాలూరు చోళ్ళు ఎవరు పరీక్ష చేసిన్రు? మా అమ్మ తైదలకైతే అనుమానం, మీ చోళ్ళకైతే నమ్మకమా? ఎదిగే పిల్ల బొక్కలత్తయ్యా."

ఆకాష్ సర్దిచెప్పబోతే తల్లి చేయెత్తి వారించింది. ఏ నమూనాను పరీక్షించారో రాయకుండా ఫలితం రాసిన విద్యార్థులకు ఆవిడ సున్నా వేసేది. ఇప్పుడు ఆ సున్నా తనకే వేసుకుంది. చెంపల మీదికి నీళ్ళు జారాయి.

నిఖిల ఖాళీ గ్లాసు చూపించి, బడిలో నేర్చిన అక్కడి ఇంగ్లీషులో అంది. "నానమ్మా, డోంట్ క్రై లా. జావ ఫినిష్ ఆల్రెడీ."

సోమవారం నిఖిలను చూపించడానికి క్లినిక్‌కు తానూ వస్తానంది మంగతాయారు. సిరప్ క్రమం తప్పకుండా వేస్తున్నారా అని డాక్టరమ్మ అడగగానే, నిటారుగా కూర్చుని, తరగతి గదిలో మాట్లాడే ఇంగ్లీషులో, మందు వేయనిది తానేనని, తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియదని, ఆధారంలేని నమ్మకంతో చేసిన తప్పని చెప్పబోయింది.

ఆ మాట సగంలో ఉండగానే రజిత ఆవిడ చేతిమీద చెయ్యి వేసింది.

"మా ఇద్దరిదీ పొరపాటే డాక్టర్," అంది అదే ఇంగ్లీషులో. "నేనూ చూసుకోలేదు. ఇకనుంచి వేస్తాం. జావ కూడా ఇవ్వచ్చు కదా?"

తప్పకుండా ఇవ్వమంది డాక్టరమ్మ.

మంగతాయారు కోడలి చెయ్యి వదలలేదు. కళ్ళు తుడుచుకోవడానికి రెండో చేతినే వాడింది.