ఖాళీ గదిలో మూడు ఫ్యాన్లు

“మీ ఇంటికి సోలార్ దండగండీ,” అంది ఆ అమ్మాయి, డాబా మీద మోకాళ్లపై కూర్చుని కొలతల టేపు చుట్టేస్తూ.

కళ్ళజోళ్ల షాపు అబ్బాయి నోరెళ్లబెట్టాడు. సోలార్ కంపెనీ తరఫున అమ్మడానికి వచ్చిన మనిషే వద్దనడం అతనెక్కడా వినలేదు. ఆ పొద్దున ఆమె పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని గేటు తీసి, “మీ మేడ ఒకసారి చూడొచ్చా?” అని అడిగిన క్షణం నుంచి అతనికి సోలార్ మీద ఎక్కడలేని ఆసక్తి పుట్టుకొచ్చింది. అంతకుముందు దాని ఊసే లేదు.

“అదేంటండీ! ఎండ ఊరికే వస్తోంది కదా!”

“ఎండ ఊరికే వస్తుంది. ప్యానెల్ రాదుగా.” పక్కింటి మూడంతస్తుల మేడ వైపు చెయ్యి చూపించింది. “మధ్యాహ్నం దాటితే దాని నీడంతా మీ నెత్తినే. పైగా మీ కరెంటు బిల్లు చూశాను. తాళం వేసిన ఇంటికి కూడా ఇంతకంటే ఎక్కువొస్తుంది.”

“మా అమ్మండీ. నేను లైటు వేసుకుంటూ వెళ్తే, తను ఆపుకుంటూ వస్తుంది.”

“ఆవిడ ఉండగా ఇంక సోలార్ ఎందుకు? పెట్టిన డబ్బు తిరిగి రావడానికి మీకు ముప్పై ఏళ్లు పడుతుంది. ప్యానెల్ బతికేదే పాతికేళ్లు.”

“పర్లేదు, పెట్టేయండి.”

“పెట్టను.”

“నాకు కావాలంటున్నాను కదండీ!”

“మీకు వద్దంటున్నాను కదండీ!”

ఇంతలో ఆమె ఫోను మోగింది. అవతల మేనేజరు. “లేదు సార్... అవసరం లేనివాళ్లకి ఎలా అంటగట్టను సార్?” అంటూ ఆమె నాలుగడుగులు పక్కకి వెళ్లింది గానీ, అవతలి కేకలు ఇతనికి చక్కగా వినిపించాయి. రెండు నెలల్లో ఒక్క ఆర్డరైనా తేకపోతే ఆమెని ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చోబెడతాడట. ఫోను పెట్టేసి ఆమె కాసేపు ఆకాశంకేసి చూసింది. మేడలెక్కే పని ఆమెకి ప్రాణమని ఆ చూపు చూస్తేనే తెలిసిపోయింది.

“పోనీ ఎలాంటి ఇంటికైతే లాభం?” మెల్లగా అడిగాడు.

“బిల్లు బాగా వచ్చే ఇంటికి. పగలంతా కరెంటు వాడుకునేవాళ్లకి నాలుగైదేళ్లలో ఖర్చు తిరిగొచ్చేస్తుంది. ఆ తర్వాత అంతా మిగులే.”

ఆమె యథాలాపంగా అన్న మాట ఇతనికి మంత్రోపదేశంలా వినిపించింది.

మర్నాటి నుంచే ఆ ఇంట్లో వింతలు మొదలయ్యాయి. పై గదిలోకి ఒక పాత ఫ్రిజ్ వచ్చింది. వెనకాలే మూడు స్టాండు ఫ్యాన్లు వచ్చాయి. గీజరు పొద్దస్తమానం సలసలమంటూనే ఉంది. షాపుకి వెళ్లేముందు చొక్కా ఇస్త్రీ చేసుకోవడానికి కూడా బద్ధకించే ఆ మనిషి దుప్పట్లు, మేజోళ్లు, ఆఖరికి కాళ్లు తుడుచుకునే పట్టా కూడా ఇస్త్రీ చెయ్యసాగాడు.

అతని తల్లి రైల్వేలో అనౌన్సరుగా చేసి రిటైరైన మనిషి. గుసగుసలాడినా వీధి మలుపు దాకా వినిపించే గొంతు. ఆవిడ ఒక స్విచ్ ఆపడం, అతను వెనకాలే వచ్చి వెయ్యడం. తల్లీకొడుకుల మధ్య రోజంతా ఇదే యుద్ధం.

“ఎవరూ లేని గదిలో ఫ్యాను ఎవరి కోసంరా?”

“గదికి గాలాడాలి కదమ్మా.”

“మూడు ఫ్యాన్లా? గది ఎగిరిపోవాలా?”

మాటిమాటికీ ఫ్యూజు పోతూంటే విసుగెత్తి, అతను అందులో లావుపాటి తీగ ఒకటి చుట్టేశాడు. మొత్తానికి నెల తిరిగేసరికి బిల్లు నాలుగింతలైంది. దాన్ని చూసి తల్లి మంచమెక్కింది. కొడుకు మాత్రం పట్టలేని ఆనందంతో సోలార్ అమ్మాయికి ఫోన్ చేశాడు.

అరగంటలో ఆమె ఆదరాబాదరాగా వచ్చింది. మొహంలో ఆర్డరొచ్చిన సంతోషం లేదు సరికదా, కంగారు కనిపిస్తోంది.

“ఒక్కసారిగా బిల్లు అంత పెరిగిందంటే వైరింగులో ఎక్కడో లీకేజీ ఉందండీ! ఆంటీ, మీరు గోడలు ముట్టుకోకండి. షాక్ కొడుతుంది.”

ఆమె మెయిన్ ఆపేసి, టార్చి పట్టుకుని గది గదీ వెతకసాగింది. తల్లి మంచం దిగి వెనకే బయల్దేరింది. పై గది తలుపు తీశారు. మొదట ఫ్రిజ్ కనిపించింది. ఆమె తెరిచి చూస్తే అందులో ఒకే ఒక్క మంచినీళ్ల సీసా.

“ఇదెందుకు?”

“కంటి చుక్కల మందు చల్లగా ఉంచాలండీ. షాపుది.”

“మరి మందేదీ?”

“అది... అయిపోయింది.”

ఆమె చూపు గది మధ్యకి వెళ్లింది. అక్కడ ఒక ఖాళీ కుర్చీ. దాని చుట్టూ మూడు ఫ్యాన్లు.

“ఈ కుర్చీకి చెమటలు పడుతున్నాయా?”

ఇక దాచడానికేమీ మిగల్లేదు. “బిల్లు పెరిగితే లాభమన్నారు కదా అని...” తల దించుకుని నసిగాడు. “లాభమైతే మీరు మళ్లీ వస్తారు కదా అని...”

ఆమెకి అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. “మీ అమ్మగారికి ఏమవుతుందోనని దారి పొడుగునా గోళ్లు కొరుక్కుంటూ వచ్చాను! ఇదంతా నాటకమా?”

“సారీ అండీ, ఇప్పుడే అన్నీ సరిచేసేస్తాను!” అని ఒక్క అంగలో కిందికి పరిగెత్తి, ఏమీ తోచక మెయిన్ వేసేశాడు. ఫ్రిజ్, ఫ్యాన్లు, గీజరు, ఇస్త్రీపెట్టె అన్నీ ఒక్కసారిగా ఉలిక్కిపడి లేచాయి. స్తంభం మీద ఢామ్మని చప్పుడైంది. వీధి వీధంతా కరెంటు పోయింది.

టీవీలూ మిక్సీలూ ఆగిపోయి వీధి నిశ్శబ్దమైపోయింది. సరిగ్గా అప్పుడే తల్లికి విషయం బోధపడింది.

“అంటే ఈ అమ్మాయిని చూడ్డానికా నువ్వు ఖాళీ గదిలో మూడు ఫ్యాన్లు తిప్పింది!”

ఒక్కో కిటికీ తెరుచుకుంది. మలుపు దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు.

మూడంతస్తుల మేడాయన సగం గడ్డం గీసుకున్న మొహంతో, చేతిలో ఆగిపోయిన షేవింగ్ మెషీన్‌తో ఊగిపోతూ వచ్చాడు. గుమ్మంలో హెల్మెట్ అమ్మాయిని చూసి ఆగాడు.

“నువ్వు సోలార్ పిల్లవా? అది పెట్టించుకుని ఉంటే నాకీ అవస్థ ఉండేది కాదుగా?”

ఒక్క “అవును” అంటే ఆర్డరు చేతిలో పడుతుంది. తలుపు చాటున కళ్ళజోళ్ల అబ్బాయి దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

“ఉండేదండీ,” అంది ఆమె. “మామూలు సోలార్ వీధిలో కరెంటు పోతే తనూ ఆగిపోతుంది. బ్యాటరీలు పెడితే ఆగదు గానీ ఖర్చు తడిసి మోపెడవుతుంది. గడ్డం కోసం అంత అవసరమా?”

ఆయన చెంప నిమురుకున్నాడు, గీసిన వైపు. “అమ్మడానికొచ్చి ఉన్నమాట చెప్పేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను. నాకు లిఫ్టుంది, ఏసీలున్నాయి. బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. నాకు లాభమేనా?”

ఆమె మెడ ఎత్తి ఆ మేడని చూసింది. నీడ పడని మేడ. “మీకైతే లాభమేనండీ.”

అలా ఆర్డరొచ్చింది. కళ్ళజోళ్ల అబ్బాయితో మాత్రం ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్తూ వెళ్తూ ఫ్యూజులోని లావు తీగ పీకి అతని అరచేతిలో పెట్టింది. “ఇల్లు తగలబడేది,” అంది. ఆమె కళ్లలో నీళ్లు చూసి అతనికి ఆ రోజు అన్నం సహించలేదు.

పక్క మేడ మీద పని మొదలైంది. ఆమె రోజూ వచ్చేది, ఇటు చూసేది కాదు. అతను ఫ్రిజ్, ఫ్యాన్లు అమ్మేశాడు. ఎవరూ చెప్పకుండానే లైట్లు ఆపసాగాడు. అది చూసి తల్లికి నిజంగానే భయమేసింది.

“ఒరేయ్, చీకట్లో ఎంతకాలం కూర్చుంటావు? వెళ్లి మాట్లాడు. ఈసారి ఏ సామానూ కొనకు.”

పని ముగిసే రోజు అతను ఉత్త చేతులతో పక్క మేడ ఎక్కాడు. వరసగా పరిచిన ప్యానెళ్ల మధ్య ఆమె బోల్టులు బిగిస్తోంది.

“తప్పు చేశాను. మీ కంగారు చూశాకే అది ఎంత తప్పో తెలిసింది.”

“ఇంకేం అబద్ధాలు చెప్పారు?” తలెత్తకుండానే అడిగింది.

“నాకు సోలార్ అంటే అంత ఇష్టమేమీ లేదండీ.”

ఆమె పెదవి చివర నవ్వు కదిలింది. “ఇంత తతంగం ఎందుకు? టీ తాగుదామా అని ఒక్క మాట అడిగితే పోయేదిగా?”

“అడిగితే వచ్చేవారా?”

“రాను.” స్పానరు కింద పెట్టింది. “రెండోసారి అడిగితే వచ్చేదాన్ని.”

అతను గొంతు సవరించుకున్నాడు. “టీ తాగుదామా?”

“ఊహూ.”

“టీ తాగుదామా?”

“పదండి.”

అప్పుడే మెట్ల మీంచి ఆయాసం వినిపించింది. తల్లి రొప్పుతూ పైకొచ్చి రెయిలింగు పట్టుకుంది.

“అయ్యో ఆంటీ, లిఫ్టులో రావాల్సింది!”

“కరెంటు దండగ కదమ్మా.”

“పగటిపూట దండగ లేదాంటీ. ఇవాళ్టి నుంచి లిఫ్టుకి కరెంటు వీటి నుంచే,” అంటూ ప్యానెళ్లని చూపించింది.

తల్లి ప్యానెళ్ల వైపు చూసింది. తర్వాత ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. కొంగుతో చెమట తుడుచుకుంది.

“అయితే నేను లిఫ్టులో దిగుతాను,” అంది. “మీరిద్దరూ మెల్లగా మెట్ల మీంచి రండి. తొందరేం లేదు.”