ఒళ్లో చాట ఉన్న బొమ్మ

మొగుడు నర్సింగ్‌కు టిఫిన్ డబ్బా ఇచ్చి డ్యూటీకి పంపి తలుపు వేసేసరికి సంగీత ముక్కుకు మళ్లీ ఆ వాసన తగిలింది. తడిగుడ్డలో చుట్టిన ఎండుటాకు వాసన. ఇల్లిల్లూ బీడీలు చుట్టే నిజామాబాద్ పల్లెలో పుట్టిన పిల్ల ఆ వాసనను ఎక్కడున్నా పోల్చుకుంటుంది. మరి ఒమాన్‌లో, తన ఇంట్లో అదెందుకు వస్తున్నట్టు?

అనుమానం అత్తగారి మీదే. నెల క్రితం విజిట్ వీసా మీద వచ్చింది లస్మవ్వ. వస్తూ వస్తూ దగ్గు కూడా తెచ్చుకుంది. తంబాకు దుమ్ము దగ్గరికి ఇక పోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. బుద్ధిగా తలూపిన మనిషి పది రోజులుగా, కొడుకు డ్యూటీకి వెళ్లగానే గుడ్డసంచి చంకన పెట్టుకుని బయలుదేరుతోంది. అడిగితే కాళ్లు పట్టేస్తున్నాయి, కాసేపు తిరిగొస్తానంటుంది. తిరగడానికి సంచి ఎందుకమ్మా?

వాళ్లుండేది పాత మట్టి ఇళ్ల ఊరి పక్కన, కంపెనీ ఇచ్చిన రెండు గదుల్లో. ఎప్పుడో ఖాళీ అయిన ఆ ఊరిని బాగుచేసి చూడటానికి వచ్చేవాళ్ల కోసం తెరిచారు. దాని మరమ్మతులు చూసేది నర్సింగే. వెనకాల లేబర్ రూముల నిండా మగవాళ్లు. వాళ్లలో బీడీకి మొహం వాచినవాళ్లు ఉండరా? ముసలమ్మ చాటుగా చుట్టి ఇస్తోందని కంపెనీకి తెలిస్తే నర్సింగ్ గతేమిటి? పది రోజులుగా సంగీతకు అన్నం సహించడం లేదు.

ఆ రోజు పాత ఊళ్లో పండగ. మస్కట్‌లో ఉండే స్పెయిన్, మెక్సికో, పెరూ వాళ్లంతా చేరి తమ పాటలు, చేతిపనులు చూపిస్తారట. లస్మవ్వ స్నానానికి వెళ్లగానే సంగీత ఆ సంచి విప్పింది. కత్తెర, దారపుండ, తడిగుడ్డ. వాటి కింద బీడీ ఆకు కత్తిరించడానికి కొలతగా పెట్టే రేకు ముక్క. ఇక అనుమానం ఏముంది?

"ఇవేంది అత్తమ్మా?"

తల తుడుచుకుంటూ వచ్చిన లస్మవ్వ గుమ్మంలోనే ఆగిపోయింది. "నా సంచెందుకు తీసినవ్ బిడ్డా?"

"తంబాకు ముట్టద్దని డాక్టర్ చెప్పలేదా? ఎవలకు చేస్తున్నవ్ బీడీలు? రూములల్ల ఉన్నోళ్లకేనా?"

"నేను బీడీ ముట్టలే."

"మరి రేకెందుకు, కత్తెరెందుకు? నాకు తెల్వదనుకున్నవా? నీ కొడుకు కొలువు పోతే మనం ఏడికి పోవాలె? ఇయ్యాల్నే ఆయనకు చెప్తా. శుక్రవారం టికెట్ తీపిస్తా."

ముసలమ్మ మొహం చిన్నబోయింది. "తీపియ్యి బిడ్డా. ఒక్క ఇయ్యాల పోనియ్యి." సంచి లాక్కున్నట్టే తీసుకుని బయటపడింది.

ఒక్క ఇయ్యాల ఎందుకు? చున్నీ వేసుకుని సంగీత వెనకాలే బయలుదేరింది.

సందుల నిండా రంగుకాగితాల తోరణాలు, ఎక్కడో గిటార్ మోత. లస్మవ్వ చివరి ఇంటి వాకిట్లోకి తిరిగింది. సంగీత గోడ చాటున నిలబడి చూసింది. చాప మీద జడల్లో రిబ్బన్లు అల్లుకున్న మెక్సికో ఆవిడ అత్తగారి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. వాళ్ల ముందు తడిగుడ్డలో ఉన్నది బీడీల తునికాకు కాదు, మొక్కజొన్న కంకుల మీది ఎండుటాకు. లస్మవ్వ ఆకు మీద రేకు పెట్టి కత్తిరించింది. చుట్టింది, మడిచింది, దారం బిగించింది. పావడా కట్టిన బొమ్మ తయారు. ఆవిడ ఒకటి చేసేలోగా ఈమె మూడు చేసి పక్కన పెట్టింది. చుట్టూ జనం ఫోన్లతో ఫొటోలు తీస్తున్నారు.

సంగీతకు సిగ్గేసింది. ఆ వెంటనే కోపమూ వచ్చింది. వెళ్లి పక్కన కూర్చుంది.

"నాకెందుకు చెప్పలే అత్తమ్మా?"

"ఎట్ల చెప్పాలె బిడ్డా? వచ్చిన తొలినాడే కార్ల వస్తుంటే అంటివి గద. బీడీల ముచ్చట ఈడ ఎత్తకు, ఇజ్జత్ పోతది, ఎవుసం పని చేస్తమని చెప్పు అని." లస్మవ్వ చేతులు ఆగలేదు. "పది దినాల కింద ఈ అమ్మ పండుగకని ఈడ బొమ్మలు చేస్తుండె. కట్టిన ముడి జారిపోతుంటే ఆగలేక నేను కట్టిన. గప్పటిసంది రమ్మంటది. ఈ పని యాడ నేర్చినవని ఎవలన్న అడుగుతరు గదా, నీకు నామోషీ అని చెప్పలే."

సంగీత అన్న మాట నిజమే. అని తను మరచిపోయింది, ముసలమ్మ మరవలేదు.

అంతలో ఆ పాత ఊరిని చూసుకునే ఒమానీ పెద్దాయన వచ్చి, లస్మవ్వ వేరుగా పెట్టిన ఒక బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. బాసింపట్టు వేసుకుని కూర్చున్న బొమ్మ, ఒళ్లో చిన్న చాట. "ఈ బొమ్మలో అమ్మ ఏం చేస్తోంది?" హిందీలో అడిగాడు.

లస్మవ్వ కోడలి మొహం వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. "బియ్యం చెరుగుతుంది సాబ్," అంది వచ్చీరాని హిందీలో.

ఆ అబద్ధం తన పరువు కోసమే. సంగీత ముందుకు జరిగింది.

"కాదు సాబ్, బీడీలు చేస్తోంది," అంది. "మా అత్తమ్మ ముప్పై ఏళ్లు బీడీలు చేసింది. రోజుకు వెయ్యి. మా ఆయనను ఆ చాట మీదే పెంచింది. ఈ పనితనం అక్కడిదే." తన వేళ్లు చూపించింది. "నేనూ చేశాను. పెళ్లయ్యేదాకా."

మస్కట్‌లో ఖురం పేటలో ఉండే స్నేహితురాళ్లకు కూడా ఏనాడూ చెప్పని మాట అది. పెద్దాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని లస్మవ్వకు తల వంచాడు. ముసలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"శుక్రవారం టికెట్ ఎన్ని గంటలకు బిడ్డా?"

"ఊకో అత్తమ్మా." సంగీత కళ్లు తుడుచుకుని కత్తెర అందుకుంది. రేకు పెట్టి ఆకు కత్తిరించింది. ఏళ్లయినా వేళ్లు మరవలేదు. చుట్టి, మడిచి, దారం వేసి అత్తగారి ముందు పెట్టింది.

లస్మవ్వ బొమ్మను తిప్పి తిప్పి చూసింది. "ముడి వదులున్నది," అంది. "మళ్ల కట్టు."